భూకంపం ఎక్కడ వచ్చింది, ఎంత పెద్దది? ఒక చిన్న చరిత్ర

2019 జులై 5, శుక్రవారం. దక్షిణ కాలిఫోర్నియాలోని మా గుడిలో సాయంత్రం కుంకుమార్చన జరుగుతోంది. నేను వెనక వంటగదిలో పులిహోర దొన్నెల్లో పెడుతున్నాను. ఎనిమిది దాటి ఇరవై నిమిషాలు కావస్తోంది. కాళ్ళ కింద చిన్న కుదుపు తగిలింది. ఎవరో బరువైన బల్ల జరిపారనుకున్నాను. కొంచెంసేపటికి అసలు ఊపు మొదలైంది. గిన్నెలు గలగలలాడాయి. బయటికి వచ్చి చూస్తే అమ్మవారి ముందు గొలుసుకు వేలాడే దీపం అటూ ఇటూ ఊగుతోంది. పూజారిగారు మంత్రం ఆపలేదు, కానీ ఆయన కళ్ళు కూడా ఆ దీపం మీదే ఉన్నాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. కొద్ది నిమిషాల్లోనే అందరి ఫోన్లలో వార్త వచ్చింది. రిడ్జ్‌క్రెస్ట్ అనే ఎడారి ఊరి దగ్గర భూకంపం, 7.1. అప్పుడు మా ఆదివారం తెలుగు తరగతికి వచ్చే ఒక పదేళ్ళ పిల్లవాడు నన్ను అడిగాడు: "అమ్మమ్మగారూ, ఊగింది ఇక్కడ కదా? అక్కడెక్కడో వచ్చిందని వాళ్ళకి ఎలా తెలిసింది? 7.1 అంటే ఏమిటి? ఏడు మైళ్ళా, ఏడు కిలోలా?"

నేను నోరు తెరిచాను, ఒక్క తెలుగు ముక్క రాలేదు. నా చదువంతా ఇంగ్లీషు మీడియం. తెలుగులో ఇంట్లో మాటలు, వంట మాటలు, గుడి మాటలు ఉన్నాయి కానీ సైన్సు మాటలు లేవు. నిజం చెప్పాలంటే ఇంగ్లీషులో కూడా నాకు జవాబు సరిగ్గా తెలియదు. అందుకని చదివాను. ఆ పిల్లవాడికి ఆలస్యంగా చెబుతున్న జవాబు ఇది. నాలాగే పెద్దయ్యాక తెలుగు నేర్చుకుంటున్న మీ కోసం కూడా.

ముందు మాటలు

భూకంపం అంటే భూమి కంపించడం, అంటే వణకడం. భూమి లోపల రాయి పగిలి జారడం మొదలయ్యే చోటును నాభి అంటారు. నాభి అంటే బొడ్డు, చక్కని మాట. ఆ నాభికి నేరుగా పైన, నేల మీద ఉండే చోటు అధికేంద్రం. వార్తల్లో "భూకంప కేంద్రం" అన్నప్పుడు ఎక్కువగా ఈ పై చోటునే చెబుతారు.

ఇంకో మాట దగ్గర నేను చాలా రోజులు తికమకపడ్డాను. తెలుగు పేపర్లలో "రిక్టర్ స్కేలుపై తీవ్రత 5.3" అని రాస్తారు. కానీ శాస్త్రంలో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. భూకంపం మొత్తంగా ఎంత పెద్దది అనేది ఒకటి. మీరు నిలబడ్డ చోట అది ఎంత గట్టిగా ఊపింది అనేది రెండోది. మన పేపర్లు రెండింటికీ "తీవ్రత" అనే మాటే వాడతాయి. నేను ఇక్కడ మొదటిదాన్ని పరిమాణం అనీ, రెండోదాన్ని తీవ్రత అనీ రాస్తాను.

గుడి గంటను తలుచుకోండి. గంటను ఎంత బలంగా కొట్టారు అనేది పరిమాణం. దానికి ఒక్కటే జవాబు. ఆ చప్పుడు మీకు ఎంత వినిపించింది అనేది తీవ్రత. గంట కింద నిలబడ్డవాళ్ళకి ఒకటి, చెప్పుల స్టాండు దగ్గర ఉన్నవాళ్ళకి ఇంకొకటి.

గోడల పగుళ్ళ నుంచి లోలకం దాకా

భూకంపం ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుసుకోవాలని మొదట పరికరం చేసినవాడు చైనాలోని చాంగ్ హెంగ్. అది క్రీ.శ. 132. పెద్ద పాత్ర చుట్టూ ఎనిమిది డ్రాగన్ తలలు, ఒక్కో నోట్లో ఒక బంతి, కింద నోరు తెరుచుకున్న కప్పలు. భూమి కదిలితే ఒక బంతి కప్ప నోట్లో పడేది. దిక్కు తెలిసేది, దూరం తెలిసేది కాదు.

చాలా శతాబ్దాల తరువాత, 1857 డిసెంబరులో ఇటలీలో నేపుల్స్ రాజ్యంలో ఘోరమైన భూకంపం వచ్చింది. రాబర్ట్ మ్యాలెట్ అనే ఐరిష్ ఇంజనీరు అక్కడికి వెళ్ళి, పగిలిన గోడలు, పడిపోయిన స్తంభాలు కొలుచుకుంటూ ఊరూరా తిరిగాడు. పగుళ్ళు ఎటు వాలి ఉన్నాయో చూసి, ఊపు ఎటు నుంచి వచ్చిందో లెక్క కట్టాడు. ఆ గీతలన్నీ కలిసే చోటే భూకంపం పుట్టిన చోటు అన్నాడు. పద్ధతి పూర్తిగా సరైనది కాదు, కానీ ఆలోచన గొప్పది: చాలా చోట్ల చూసిన సాక్ష్యాన్ని కలిపితే, ఎవరూ చూడని చోటు తెలుస్తుంది.

తరువాత కథ జపాన్‌కి వెళుతుంది. జాన్ మిల్న్ అనే ఇంగ్లీషువాడు 1876లో టోక్యోకి గనుల పాఠాలు చెప్పడానికి వెళ్ళాడు. అక్కడ భూమి తరచూ వణుకుతుంది. 1880లో యోకొహామాలో భూకంపం వచ్చాక, మిల్న్, అతని తోటి పంతుళ్ళు కలిసి భూకంపాల కోసమే ఒక సంఘం పెట్టారు. టోక్యో చుట్టుపక్కల ఊళ్ళకి మిల్న్ పోస్టు కార్డులు పంచాడు. వారం వారం, భూమి కదిలిందా లేదా అని రాసి తిరిగి పంపాలి. అదే కాలంలో మిల్న్, జేమ్స్ యూయింగ్, థామస్ గ్రే కొత్త భూకంప లేఖినులు తయారుచేశారు. లేఖిని అంటే రాసేది. భూకంప లేఖిని అంటే సీస్మోగ్రాఫ్.

దాని కిటుకు మా గుడి దీపంలోనే ఉంది. బరువైన వస్తువును వేలాడదీస్తే దాన్ని లోలకం అంటారు. నేల ఒక్కసారి కదిలినప్పుడు, ఆ బరువు వెంటనే కదలదు. ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. అంటే మొదటి క్షణంలో కదిలేది దీపం కాదు, గుడి! బరువుకు ఒక సూది కట్టి, కింద తిరిగే కాగితం పెడితే, నేల కదలిక గీతగా పడుతుంది. దీపంలాగా ఊగుతూనే ఉంటే గీత పాడవుతుంది కాబట్టి, ఆ ఊపును అణచడానికి తరువాతివాళ్ళు వేరే ఏర్పాట్లు చేశారు.

జర్మనీలో కనిపించిన జపాన్

1889 ఏప్రిల్‌లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఒక వింత జరిగింది. ఎర్న్‌స్ట్ ఫాన్ రెబ్యూర్ పాష్విట్జ్ అనే యువ శాస్త్రవేత్త చాలా సున్నితమైన లోలకంతో పనిచేస్తున్నాడు. అతను వెతుకుతున్నది భూకంపాల కోసం కాదు, ఆకాశంలో చంద్రుడి లాగుడు వల్ల నేలలో వచ్చే అతి చిన్న మార్పుల కోసం. ఒక రోజు గీతలో పెద్ద అలజడి కనిపించింది. తరువాత ఒక పత్రికలో చదివితే తెలిసింది, అదే రోజు టోక్యోలో భూకంపం వచ్చిందని. జపాన్‌లో కదిలిన భూమిని జర్మనీలో ఒక లోలకం పట్టుకుంది.

అంటే భూకంపాన్ని చూడడానికి అక్కడ ఉండనక్కర్లేదు. మిల్న్‌కి ఇది వెంటనే అర్థమైంది. 1895లో అతను తన జపనీస్ భార్య తోనెతో కలిసి ఇంగ్లండు దగ్గరి ఐల్ ఆఫ్ వైట్ దీవికి వచ్చి, అక్కడి నుంచి ప్రపంచమంతా ఒకే రకం లేఖినులు పెట్టించాడు. వాటిలో కొన్ని మన దేశానికీ వచ్చాయి: కలకత్తాలోని అలీపూర్, బొంబాయి, కొడైకెనాల్.

అస్సాం భూకంపం చెప్పిన పాఠం

1897 జూన్ 12న షిల్లాంగ్ పీఠభూమిలో మహా భూకంపం వచ్చింది. షిల్లాంగ్‌లో రాతి కట్టడాలన్నీ నేలమట్టమయ్యాయి. భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసే రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ దాని మీద పెద్ద నివేదిక రాశాడు. తరువాత యూరప్‌లోని లేఖినులు ఆ రోజు గీసిన గీతలు తెప్పించి చూశాడు. ప్రతి గీతలోనూ మూడు భాగాలు ఉన్నాయి. ముందు సన్నని వణుకు. కొంత విరామం తరువాత ఇంకాస్త పెద్ద వణుకు. ఆఖరున పెద్ద పెద్ద అలలు.

మూడు రకాల తరంగాలు ఒకేసారి బయలుదేరి, వేర్వేరు వేగాలతో వస్తున్నాయని ఓల్డ్‌హామ్ తేల్చాడు. మొదట వచ్చేవి ప్రాథమిక తరంగాలు, వీటిని పి తరంగాలు అంటారు. ఇవి రాతిని ముందుకీ వెనక్కీ నొక్కుతూ సాగదీస్తూ వెళతాయి. తరువాత వచ్చేవి ద్వితీయ తరంగాలు, ఎస్ తరంగాలు. ఇవి తాడును విదిలించినట్టు పక్కలకి ఊపుతాయి. మూడోవి నేల పైపొరలోనే పాకి వస్తాయి. 1906లో ఓల్డ్‌హామ్ ఇవే తరంగాల సహాయంతో భూమి మధ్యలో వేరే రకం గర్భం ఉందని కూడా చూపించాడు. అస్సాంలో అంత నష్టం చేసిన భూకంపం, మనకి భూమి లోపలికి ఒక కిటికీ తెరిచింది.

ఎక్కడ? మూడు వృత్తాల లెక్క

ఇప్పుడు పిల్లవాడి మొదటి ప్రశ్నకి జవాబు చెప్పవచ్చు.

వానాకాలంలో మెరుపు ముందు కనిపిస్తుంది, ఉరుము తరువాత వినిపిస్తుంది. రెండిటి మధ్య సెకన్లు లెక్కపెడితే పిడుగు ఎంత దూరంలో పడిందో తెలుస్తుంది. భూకంపంలో పి తరంగం మెరుపులాంటిది, ఎస్ తరంగం ఉరుములాంటిది. పైపొర రాతిలో పి తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది. ఎస్ తరంగం సుమారు మూడున్నర కిలోమీటర్లు. దూరం పెరిగేకొద్దీ ఎస్ ఇంకా వెనకబడుతుంది. లెక్క వేస్తే, రెండిటి మధ్య ఒక్కో సెకను తేడాకి దూరం సుమారు 8 కిలోమీటర్లు. ఇది దగ్గరి భూకంపాలకి పనికొచ్చే లెక్క. జపాన్‌లో ఒమోరి ఫుసాకిచి ఇలాంటి సూత్రమే కట్టాడు.

రిడ్జ్‌క్రెస్ట్ లాస్ ఏంజెలెస్ నుంచి సుమారు 200 కిలోమీటర్ల దూరం. అంటే పి వచ్చిన సుమారు 24 సెకన్లకి ఎస్ రావాలి. నేను బల్ల జరిపారనుకున్న ఆ మొదటి కుదుపుకీ, గిన్నెలు గలగలలాడడానికీ మధ్య ఉన్నది ఆ విరామమే. పులిహోర పెడుతూ నేనే ఒక లేఖినిలా పనిచేశాను, కాకపోతే సెకన్లు లెక్కపెట్టలేదు.

కానీ ఒక్క లేఖిని దూరమే చెబుతుంది, దిక్కు గట్టిగా చెప్పదు. 200 కిలోమీటర్లు అంటే మన చుట్టూ గీసిన పెద్ద వృత్తం మీద ఎక్కడైనా కావచ్చు. రెండో చోటి లేఖిని చుట్టూ ఇంకో వృత్తం గీస్తే, రెండూ రెండు చోట్ల కలుస్తాయి. మూడో వృత్తం ఆ రెండిటిలో ఒకదాన్ని ఎంచుతుంది. ముగ్గు వేసేవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది: మూడు గుండ్రాలు ఒకే చుక్క మీద కలవాలి.

నిజానికి చుక్క అంత శుభ్రంగా కుదరదు. నాభి లోతు కూడా తెలియాలి, భూకంపం మొదలైన సమయం కూడా తెలియాలి. రాతి రకాన్ని బట్టి వేగం మారుతుంది. అందుకే ఇప్పుడు పదులు, వందల కేంద్రాల గీతలు ఒకేసారి కంప్యూటర్లకి చేరతాయి. కంప్యూటరు ఒక చోటు ఊహించి, తరంగాలు ఎప్పుడెప్పుడు చేరాలో లెక్క కట్టి, నిజంగా చేరిన వేళలతో పోల్చి, చోటును కొంచెం కొంచెం జరుపుతుంది. తేడా అతి తక్కువగా ఉన్న చోటే అధికేంద్రం. మ్యాలెట్ నెలల తరబడి గుర్రం మీద చేసిన పని ఇప్పుడు నిమిషాల్లో అవుతుంది.

ఎంత? పాసడీనాలో పుట్టిన స్కేలు

రెండో ప్రశ్నకి జవాబు మా ఇంటికి దగ్గరలోనే పుట్టింది. 1927లో చార్లెస్ రిక్టర్ అనే యువకుడు పాసడీనాలోని భూకంప ప్రయోగశాలలో చేరాడు. అక్కడ రోజూ చిన్నవీ పెద్దవీ ఎన్నో భూకంపాలు నమోదయ్యేవి. ఏది పెద్దది, ఏది చిన్నది అని వరుస పెట్టడానికి పద్ధతి లేదు. అప్పటిదాకా ఉన్న కొలత తీవ్రత ఒక్కటే: చిమ్నీలు కూలాయా, జనం నిద్ర లేచారా? కానీ ఊరి కింద వచ్చిన చిన్న భూకంపం ఎడారిలో వచ్చిన పెద్దదానికన్నా ఘోరంగా కనిపిస్తుంది. 1933 మార్చిలో లాంగ్ బీచ్ భూకంపం వచ్చి వంద మందికి పైగా చనిపోయారు, చాలా బడి భవనాలు కూలాయి. దాని పరిమాణం 6.4 మాత్రమే. సాయంత్రం కాబట్టి బడుల్లో పిల్లలు లేరు.

జపాన్‌లో వదాతి కియో అనే శాస్త్రవేత్త, భూకంపం నుంచి దూరం పెరిగేకొద్దీ నేల కదలిక ఎలా తగ్గుతుందో గ్రాఫు గీశాడు. రిక్టర్ అదే పని కాలిఫోర్నియా భూకంపాలతో చేశాడు. కానీ అతి చిన్న గీతకీ అతి పెద్ద గీతకీ తేడా ఎంతంటే, ఒక కాగితం మీద పట్టదు. తోటి శాస్త్రవేత్త బెనో గూటెన్‌బర్గ్, లాగరిథమ్‌లో గీయమని సలహా ఇచ్చాడు. అంటే పదిరెట్లు పెరిగినప్పుడల్లా ఒక మెట్టు. అప్పుడు గ్రాఫు చక్కగా కుదిరింది.

1935లో రిక్టర్ స్కేలును ప్రకటించాడు. వుడ్ ఆండర్సన్ అనే రకం లేఖిని 100 కిలోమీటర్ల దూరంలో ఉండి, కాగితం మీద 1 మిల్లీమీటరు ఎత్తు గీత గీస్తే, అది 3 పరిమాణం. 10 మిల్లీమీటర్లయితే 4. 100 అయితే 5. లేఖిని ఇంకో దూరంలో ఉంటే, ఆ గ్రాఫు చూసి సరిచేయాలి. నక్షత్రాల వెలుగును కొలిచే మాటనే రిక్టర్ భూకంపాలకి తెచ్చాడు. కాబట్టి బాబూ, 7.1 మైళ్ళు కాదు, కిలోలు కాదు. అది ఒక మెట్టు సంఖ్య.

ఒక్కో మెట్టుకి గీత ఎత్తు 10 రెట్లు. కానీ బయటికి వచ్చే శక్తి సుమారు 32 రెట్లు. రెండు మెట్లకి సుమారు 1000 రెట్లు. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 భూకంపం వచ్చింది. పొద్దున్నే మా చెల్లెలు వరంగల్ నుంచి ఫోన్ చేసి, "అక్కా, మంచం ఊగిందే!" అంది. లెక్క ప్రకారం మా రిడ్జ్‌క్రెస్ట్‌ది దానికన్నా సుమారు 500 రెట్ల శక్తి. కానీ నేను ఆ మాట దానితో అనలేదు. మంచం ఊగినవాళ్ళకి లెక్క చెప్పకూడదు, ముందు ఎలా ఉన్నావని అడగాలి.

ఇక్కడ పరిమాణానికీ తీవ్రతకీ తేడా మళ్ళీ చూడండి. 1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపం 6.7. శక్తిలో రిడ్జ్‌క్రెస్ట్‌లో నాలుగో వంతు. కానీ అది జనం నిద్రపోతున్న పెద్ద నగరం కింద వచ్చింది. యాభై మందికి పైగా పోయారు, ఫ్రీవే వంతెనలు కూలాయి. రిడ్జ్‌క్రెస్ట్ ఎడారిలో వచ్చింది కాబట్టి మా అర్చన ఆగలేదు.

స్కేలు చాలని రోజు

రిక్టర్ స్కేలుకి ఒక లోపం ఉంది. చాలా పెద్ద భూకంపాల దగ్గర అది ఆగిపోతుంది. చిన్న తక్కెడలో బియ్యం బస్తా పెడితే ముల్లు చివరికి వెళ్ళి నిలిచిపోయినట్టు. తరువాత వచ్చిన, పైపొర అలలను కొలిచే స్కేలుకీ ఇదే బాధ. 1960 మే 22న చిలీలో వచ్చిన భూకంపానికి ఆ స్కేలు సుమారు ఎనిమిదిన్నర కన్నా పైకి వెళ్ళలేదు.

జపాన్‌లో పుట్టిన ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి దారి చూపించారు. 1966లో అకి కెయితి, గీత ఎత్తు కాకుండా భూకంపం అసలు చేసిన పనిని లెక్క కట్టాడు: ఎంత వైశాల్యం రాయి జారింది, ఎంత దూరం జారింది, ఆ రాయి ఎంత గట్టిది. ఈ మూడూ గుణిస్తే వచ్చేదాన్ని భూకంప భ్రామకం అంటారు. కనమోరి హిరూ 1977లోనూ, థామస్ హ్యాంక్స్‌తో కలిసి 1979లోనూ, ఆ భ్రామకాన్ని రిక్టర్ సంఖ్యల్లాగా కనిపించే సంఖ్యగా మార్చాడు. ఈ కొత్త కొలతలో చిలీ భూకంపం 9.5. ఇప్పటిదాకా పరికరాలు నమోదు చేసినవాటిలో అదే అన్నిటికన్నా పెద్దది. ఈనాడు పెద్ద భూకంపాలకి వాడేది ఈ స్కేలే. పేపర్లు మాత్రం అలవాటు కొద్దీ "రిక్టర్ స్కేలు" అనే రాస్తాయి.

అందుకే ఒకే భూకంపానికి రెండు సంఖ్యలు వినిపిస్తాయి. 2001 జనవరి 26న గుజరాత్‌లో భుజ్ భూకంపం వచ్చినప్పుడు మన వాతావరణ శాఖ 6.9 అంది, అమెరికా సంస్థ 7.7 అంది. మా గుడిలో విరాళాలు వసూలు చేస్తున్నప్పుడు, ఎవరు అబద్ధం చెబుతున్నారని ఒకాయన గొడవపడ్డారు. వేర్వేరు పద్ధతులు వేర్వేరు తరంగాలను కొలుస్తాయని ఆ రోజు నాకు తెలిసి ఉంటే చెప్పేదాన్ని.

ఒక అంకె విలువ

ఇదంతా లెక్కల సరదా అనుకోకండి. 2004 డిసెంబరు 26, మార్గశిర పౌర్ణమి. మన కాలమానంలో ఉదయం ఆరున్నరకి సుమత్రా దగ్గర సముద్రం కింద భూమి జారింది. పావుగంటలో హవాయిలోని సునామీ కేంద్రం చెప్పిన పరిమాణం 8.0. గంట దాటాక 8.5. అసలు సంఖ్య 9 దాటిందని తేలడానికి చాలా గంటలు పట్టింది. పగులు వెయ్యి కిలోమీటర్లకు మించి సాగుతూ పోయింది, తొందరగా కొలిచే పద్ధతులకి అందులో కొంత భాగమే అందింది. 8.0కీ 9.0కీ మధ్య తేడా ఒక్క మెట్టే అనిపిస్తుంది. అది 32 రెట్లు.

సంఖ్య సరిగ్గా తెలిసినా చెప్పే దారి లేదు. అప్పుడు హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థే లేదు. అల మన తీరానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రెండు గంటల్లో ఆంధ్ర తీరంలో జాలర్లు వలలు సర్దుకుంటున్నారు, పౌర్ణమి అని కొందరు సముద్ర స్నానానికి వచ్చారు. ఆంధ్రలో వంద మందికి పైగా పోయారు. తమిళనాడులో, అండమాన్ దీవుల్లో వేల మంది.

2007లో హైదరాబాద్‌లోని ఇంకాయిస్ సంస్థలో భారత సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర మళ్ళీ 8.6 భూకంపం వచ్చినప్పుడు, ఆ కేంద్రం కొన్ని నిమిషాల్లోనే సమాచారం పంపింది. ఆ రోజు భూమి పైకి కాక పక్కకి జారింది కాబట్టి పెద్ద అల రాలేదు. అయినా తీరంలో జనం ఎత్తైన చోట్లకి కదిలారు. రాని అల కోసం పరిగెత్తినా నష్టం లేదు.

మిల్న్ పోస్టు కార్డుల నుంచి ఇక్కడికి రావడానికి నూట పాతికేళ్ళు పట్టింది. అయినా ఒక్క పని ఇంకా ఎవరికీ చేతకాదు: రేపు ఎక్కడ, ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పడం. వచ్చాక త్వరగా కొలవగలం, అంతే. అందుకే మా గుడిలో ఇప్పుడు ఇత్తడి బిందెలు పై అరల మీద పెట్టడం లేదు. వేలాడే దీపానికి గొలుసు మార్చి, గట్టి కొక్కెం వేశాం.

ఆ పిల్లవాడు ఇప్పుడు కాలేజీకి వెళ్ళే వయసువాడు. ఈ వ్యాసం అతనికి పంపిస్తాను. ఈసారి మీకు భూమి కదిలినట్టు అనిపిస్తే, ముందు బల్ల కిందికి దూరి తల కాపాడుకోండి. ఆ తరువాత కుదిరితే, తెలుగులో లెక్కపెట్టండి: ఒకటి, రెండు, మూడు... ఆ సంఖ్యను ఎనిమిదితో గుణించండి.